సమ్మెలో మాయమైన బ్లెన్నీ

“భూపాలపల్లిల నేరం చేసి ఈ రాజలింగు కండ్లబడకుండ తిరిగెటోడు ఇంకా పుట్టలే!” అని ప్రకటిస్తూ, డిటెక్టివ్ రాజలింగు గడప తన్నుకుని సమ్రీన్ వాళ్ళింట్లోకి బోర్లాపడ్డాడు. లేచి, గడపను అనుమానంగా చూసి, నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు.

నిజానికి ఆయనది జిరాక్స్ దుకాణం. తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మెతో కరెంటు పోయి మిషను మూగబోయింది. ఆనాటి నుంచి ఆయన మేధస్సు వీధిన పడింది.

“అన్నా, జర జల్ది చూడు. అబ్బా వంటావార్పుకని రోడ్డు మీదికి పోయిండు. వచ్చేలోపల నా చేప దొరకాలె,” అంది సమ్రీన్.

ఆమె భయం ఊరికే కాదు. బొగ్గు బాయిలో పనిచేసే ఆమె తండ్రి అమీర్ అలీ, ఇరవై రోజులుగా సమ్మెలో ఉండి, సొంత ఇంటిని తీరిగ్గా చూడటం మొదలుపెట్టాడు. కూతురి గాజుతొట్టి కంటపడింది. “మనకే ఫ్యాను లేదు, చేపలకు బ్యాటరీ పంపా? ఒక్కటి సచ్చినా తొట్టి తీసేస్త,” అన్నాడు. మీరు బొగ్గు తియ్యకనే గదా కరెంటు పోయిందన్న మాట నోటిదాకా వచ్చినా, సమ్రీన్ మింగేసింది.

ఆ తొట్టిలో ఉప్పునీళ్ళు, పగడపు రాళ్ళు, చిటికెన వేలంత బ్లెన్నీ చేపలు రెండు. రాళ్ళకు అంటుకున్న ఖాళీ గుల్లలే వాటి ఇళ్ళు. కిటికీలోంచి వీధిని చూసే ముసలమ్మల్లా తలలు మాత్రం బయటపెట్టి ఇంటిల్లిపాదినీ కనిపెడుతుంటాయి. మూడు రోజులుగా మగదాని తల కనిపించడం లేదు.

“దానిది ఏ ఊరు?” గంభీరంగా అడిగాడు రాజలింగు.

“సముద్రం అన్నా.”

“అంటే కోస్తా! ఉద్యమం వేడి తగిలి జారుకున్నది.”

“ఎట్ల పోతది? నడుచుకుంటనా?”

“బస్సులు బంద్ గదా. నడకే.” రాసుకుని, రెండో చేప వైపు తిరిగాడు. “మరి గీమె ఎవరు?”

“దాని పెండ్లాం.”

“పెనిమిటి మాయమైతే గింత నిమ్మళంగ పాచి గీక్కుంట తింటదా? గిది హత్య!”

హంతకురాలిని వేలెత్తి చూపబోయిన రాజలింగు తడి గచ్చు మీద జారాడు. చెయ్యి మోచేతిదాకా తొట్టిలో మునిగింది. వేలు సూటిగా ఓ గుల్లలోకి దిగింది.

“ఓయవ్వో! కరిసింది!”

పులిహోర పొట్లంతో అమీర్ అలీ సరిగ్గా అప్పుడే వచ్చాడు. “క్యా హువా? గిదేంది బేటీ?”

గుల్లలోంచి మగ బ్లెన్నీ తల బయటపెట్టి ముగ్గురినీ కోపంగా చూసింది. సమ్రీన్ టార్చి వేసింది. గుల్ల గోడల నిండా గుడ్లు. ఒక్కోదానిలో రెండేసి చుక్కల కళ్ళు.

“గుడ్లకు కావలి ఉన్నది అబ్బా! అందుకే తిండికి గూడ వస్తలేదు.”

అమీర్ అలీ తొట్టి మీదికి వంగాడు. “నాకు ఇరవై రోజులు ఇంట్ల కూసుంటేనే యాష్టకొచ్చింది. గిది నోట్ల ముద్ద పెట్టకుండ కూసున్నది!”

అంతలో బ్యాటరీ అయిపోయి పంపు ఆగింది. సమ్రీన్ బిక్కచచ్చి తండ్రి ముఖంలోకి చూసింది.

“ఇప్పుడేం జెయ్యాలె బేటీ?” అన్నాడాయన మెల్లగా.

“మగ్గుతోని ముంచి పైనుంచి పోస్తుంటే నీళ్ళల్ల గాలి కలుస్తది.”

“చెప్పిన గదా! ఎవ్వడూ నా కండ్లబడకుండ తిరగలేడని!” వేలు ఊదుకుంటూ అన్నాడు రాజలింగు.

అమీర్ అలీ ఆయన రెండో చేతిలో మగ్గు పెట్టాడు. “నీళ్ళు పొయ్యి, డిటెక్టివ్ సాబ్.”

“ఎప్పటిదాంక?”

“కరెంటొచ్చేదాంక.”

“కరెంటెప్పుడొస్తది?”

“తెలంగాణ వచ్చినంక,” అంటూ అమీర్ అలీ పులిహోర పొట్లం విప్పాడు.