సామల్పట్టిలో ప్రేమ లేదంట

2001లో నేను హోసూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. నా భార్య ప్రేమ సామల్పట్టిలోని పుట్టింటికి వెళ్లి ఇరవై రోజులైంది. నువ్వు లేక తోచడం లేదని చెప్పడానికి నాకు నామోషీ. ఆ మాట ఆమె చేతే అనిపించాలని, తను నా ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడు ఒక ఎత్తు వేశాను.

"పని తలమీదికి వచ్చింది. ఆదివారం నిన్ను పిల్చుకొచ్చేదానికి కాదు."

"కాకుంటే ఉండనీండి. ఈడ నాకు బాగానే ఉంది," అని పెట్టేసింది.

అబద్ధమాడినందుకేమో, పని నిజంగానే తలమీదికి వచ్చింది. లినక్స్‌లో చక్కగా నడిచే మా ప్రోగ్రామును ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌కు మార్చాలి. అక్కడికి వెళ్లగానే అది నెట్‌వర్క్ కార్డు లేదని మొండికేసింది. కార్డు ఉంది, కేబుల్ ఉంది, పచ్చ లైటు నాకు కన్ను కూడా కొడుతోంది.

నాలుగో రోజు ఉండబట్టలేక, అత్తగారింటి పక్కనున్న బైరప్ప అంగడికి మొదటిసారి ఫోన్ చేశాను.

"ప్రేమను పిలుస్తారా?"

"ఆ పేరోళ్లు ఈడ ఎవురూ లేరప్పా."

"మంజులమ్మ కూతురు, హోసూరుకు ఇచ్చినారే..."

"ఓ, మా పాపక్కనా? నా ముందరే సోపు కొంటా ఉంది."

పెళ్లయిన మూడేళ్లకు నా పెళ్లాం పేరు తెలిసింది.

"పేరు పెట్టి అడిగితే ఎట్ల తెలుస్తాది? హోసూరు నించి వచ్చినామె అని అడగాల," అంది ప్రేమ ఫోన్ అందుకుని.

అంతే, ఎందుకు ఫోన్ చేశానో మరిచి కంప్యూటరు ముందుకు పరిగెత్తాను. మా ప్రోగ్రాము లినక్స్ పెట్టిన పేరుతోనే కార్డును వెతుకుతోంది. కొత్త సిస్టమ్‌లో దాని పేరే వేరు. పేరు తీసేసి, ఉన్నవాటినన్నిటినీ పిలిచి పలికినదాన్ని పట్టుకొమ్మని రాశాను. ముందు లూప్‌బ్యాక్‌ను పట్టుకుంది. అది తనతో తానే మాట్లాడుకునే ఉత్తుత్తి కార్డు. ఇన్ని రోజులుగా ఇంట్లో నేను చేస్తున్నదీ అదే కాబట్టి కోపం రాలేదు. దాన్ని వదిలేయమని ఇంకో వరస రాశాక అసలు కార్డు దొరికింది.

ఆదివారం పొద్దున్నే, చెప్పకుండా, కృష్ణగిరిలో బస్సు మారి సామల్పట్టిలో దిగాను.

"అయ్యో, పాప మొదటి బస్సుకే హోసూరు పోయింది కదప్పా," అంది మా అత్త. "ఆయనకి పని, నేనే పోతానని." వట్టి చేతులతో పంపలేక మురుకుల డబ్బా ఇచ్చింది.

నేను తిరిగొచ్చేసరికి ప్రేమ మా గుమ్మం ముందు పెట్టె మీద కూర్చుని ఉంది.

"యాడికి పోయినారు?"

"ఆఫీసుకు."

నా చేతిలో డబ్బాను చూసింది. "ఆఫీసులో మా అమ్మ మురుకులు చేస్తా ఉందా?"

"నువ్వు లేక బాగలేదు," అన్నాను.

ఆమె తాళంచెవి కోసం చెయ్యి చాచింది. "ఈ మాట మొదటి రోజే చెప్పుంటే, రెండో రోజే వచ్చేసుందును కదా," అంది.