కుక్కరని చెప్పి తెచ్చిన డ్రోను

మా హాల్లో టీవీ పక్కనున్న కప్పు గురించి అడిగారు కదా. నవ్వబోమని మాటిస్తేనే చెబుతాను. సరే, ఎలాగూ నవ్వుతారు, వినండి.

ముందు నా ఉద్యోగం సంగతి. సరుకు దేశం దాటే ముందు అది దేశ భద్రతకు చేటు చేస్తుందేమో చూసే లాయర్ని నేను. పాలపొడి చేసే యంత్రాన్నే తీసుకోండి. చూడటానికి పరమ సాధువు. అదే చెడ్డవాడి చేతిలో పడితే దాంతో రోగక్రిములనూ పొడి చేసి పెట్టుకోవచ్చు. అందుకని కొనేవాడెవడు, చివరికి వాడేవాడెవడు, మధ్యలో ఎన్ని చేతులు మారుతోంది అని కూపీ లాగుతాను. సరుకు పేరు మార్చి నా కళ్లు కప్పినవాడు ఇంతవరకూ లేడు.

ఈ విషయం మీద నేనిచ్చే ప్రతి ఉపన్యాసాన్నీ ముందు వంటింట్లో అప్పజెప్పుకుంటాను. మా ఆవిడ కూరలు తరుగుతూ ఊఁ కొడుతుంది. పెళ్లయిన కొత్తల్నుంచీ కొడుతోంది. వినడం లేదనే అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

మా ఇంట్లో ఎగిరే వస్తువుల మీద నిషేధం ఉంది. నేను కొన్న మొదటి డ్రోను హాల్లో రెండు చుట్లు తిరిగి నేరుగా మా అత్తగారి కొప్పులో వాలింది. ఇప్పటికీ ఆవిడ మా ఇంటికొస్తే ముందు పైకప్పు చూసుకుని, తర్వాతే లోపలికి అడుగు పెడతారు. ఆ రోజే మా ఆవిడ ఆజ్ఞ జారీ చేసింది, ఎగిరేదేదీ మళ్లీ ఈ గడప తొక్కకూడదని.

మా లాయర్లంతా కుటుంబాలతో కలిసి ఏటా డ్రోన్ల పందెం పెట్టుకుంటారు. కిందటేడు నేను అరువు తెచ్చిన డ్రోను గడ్డిలో గిరగిరా తిరిగిందే గానీ జానెడెత్తు లేవలేదు. అప్పట్నుంచీ ఆఫీసులో నా పేరు ‘నేలబారు’. ఏ సరుకునూ కదలనివ్వడని మేం ‘తాళంకప్ప’ అని పిలుచుకునే మా సీనియరైతే, ఒక పెద్ద జడ్జిగారికి కూడా నన్ను ఆ పేరుతోనే పరిచయం చేశాడు. ఆ జడ్జిగారే ఈసారి కప్పు ఇస్తున్నారని తెలిసింది. నాకు నిద్ర పట్టలేదు. గెలిచి తీరాలి, ఆ పేరు వదిలించుకోవాలి.

దొంగ సరుకు ఎలా దాటిస్తారో నాకంటే ఎవరికి తెలుసు? కొత్త డ్రోను కొన్నాను. కొట్టువాడు ఇంటికొచ్చి నేర్పిస్తానంటే వద్దన్నాను. పెట్టెను ముందు లాండ్రీకి పంపించాను. లాండ్రీ అతను ఇస్త్రీ బట్టలతో పాటు దాన్ని పైఅంతస్తు పిన్నిగారికి అందించాలి. మా ఆవిడ బజారుకెళ్లినప్పుడు నేను పైకెళ్లి తెచ్చుకోవాలి. పిన్నిగారికి మాత్రం అందులో కుక్కరుందని, మా ఆవిడకు కానుకని, నోరు విప్పవద్దని బతిమాలి చెప్పాను. ఇంట్లో పాత కుక్కరు కూత మానేసి మూలుగుతోంది కాబట్టి ఎవరైనా నమ్మేస్తారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తీరా పెట్టె పైకి చేరాక మా ఆవిడ వారమంతా బజారు మొహం చూడలేదు. పందేనికి ముందురోజు సాయంత్రం కూరగాయల సంచీ పట్టుకుని బయల్దేరింది. నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పెట్టె తెచ్చుకున్నాను. బరువుగా ఉంది. పెద్ద బ్యాటరీ కాబోలని గుండె గంతులేసింది. గదిలో దూరి, గడియ పెట్టి, పెట్టె విప్పాను.

లోపల కుక్కరు ఉంది.

నేనింకా మూత పట్టుకుని నిలబడే ఉన్నాను, బయట తలుపు చప్పుడైంది. పర్సు మరిచిపోయానంటూ మా ఆవిడ తిరిగొచ్చింది. గడియ తీయక తప్పలేదు.

“ఏమండీ, నాకేనా?” అంది.

“నీకు కాక ఎవరికి” అన్నాను.

ఆవిడ పొంగిపోయింది. నేను కుంగిపోయాను. డ్రోను ఏదని అడగాలంటే డ్రోను కొన్నానని ఒప్పుకోవాలి కదా. బాత్‌రూములో కుళాయి తిప్పి కొట్టుకు ఫోన్ చేస్తే డ్రోనే పంపామన్నారు. లాండ్రీకి చేస్తే వచ్చింది వచ్చినట్టే ఇచ్చానన్నాడు. వంటింట్లో కొత్త కుక్కరు కూత వేసినప్పుడల్లా నన్నే వెక్కిరిస్తున్నట్టుంది.

అన్నం వడ్డిస్తూ ఆవిడ మెల్లగా అడిగింది. “తప్పు చేసినవాడు తనంతట తనే వచ్చి ఒప్పుకుంటే శిక్ష సగానికి తగ్గుతుందని మీరేగా చెబుతారు?”

ఇంకేముంది, అంతా కక్కేశాను. నేలబారు, తాళంకప్ప, జడ్జిగారు, ఒక్కటీ దాచలేదు. ఆ పేరుతో ఇంకో ఏడాది తిరగడం నా వల్ల కాదని కూడా చెప్పాను. చెబుతుంటే నిజంగానే కళ్లు చెమర్చాయి.

ఆవిడ తాపీగా పెరుగు వేసింది. “కుక్కరు మూత ఎటు తిప్పాలో తెలియని మనిషి కుక్కరు కొన్నాడంటే మొదటి అనుమానం. అది లాండ్రీ మీదుగా రావడం రెండోది. అంత పెద్ద కుక్కర్ని పిన్నిగారు చిటికెన వేలితో ఎత్తి చూపించారు, ఇంక మూడోది కూడా కావాలా? మీ పాఠమేనండీ, మీరే మరిచిపోయారు.”

పెట్టె వచ్చిన రోజే పిన్నిగారు నోరు విప్పేశారట. మీరు కుక్కరని చెప్పారు కాబట్టి పిన్నిగారితో కుక్కరే తెప్పించి పెట్టెలో పెట్టాను, అందులో నా తప్పేముంది అని మా ఆవిడ వాదన. లాయర్నై ఉండీ కేసు అక్కడే ఓడిపోయాను.

“మరి డ్రోను?” అన్నాను, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

“ఉంది. రేపటికి అనుమతి ఇస్తున్నాను. కానీ చివరికి వాడేదెవరో నేనే తేలుస్తాను.”

ఆ షరతు అర్థం మైదానంలో తెలిసింది. రిమోటు ఆవిడ చేతిలోనే ఉంది. వారమంతా నేను ఆఫీసుకెళ్లగానే పిన్నిగారూ తనూ మేడెక్కి సాధన చేశారట. డ్రోను లేచింది చూడండి, నా ఒళ్లు పులకరించింది. తాళంకప్ప డ్రోనును మొదటి మలుపులోనే దాటేసింది. నేను దాని కిందే పరుగెత్తుతూ, అరుస్తూ, ఎవరి కాళ్లు తొక్కానో కూడా చూసుకోలేదు. పిన్నిగారు ఈలలు వేశారు. మా అత్తగారు కొప్పు రెండు చేతులా పట్టుకుని మరీ గంతులేశారు. గెలిచాం.

కప్పు మీద ఆవిడ పేరే చెక్కారు. జడ్జిగారు నన్ను ఎగాదిగా చూసి, ఎక్కడో చూసినట్టుందన్నారు. తాళంకప్ప ముందుకొచ్చాడు. నేలబారు అనబోతున్నాడని నేను కళ్లు మూసుకున్నాను.

“డ్రోను గెలిపించిన మేడంగారున్నారే, వాళ్లాయన” అన్నాడు.

పాత పేరైతే పోయింది. ఇప్పుడు ఆఫీసులో ఇదే పిలుస్తున్నారు. వస్తానర్రా, కుక్కరు మూత ఎటు తిప్పాలో ఇవాళ మా ఆవిడ నేర్పిస్తానంది. సగం శిక్ష అదేనట.