గోల్ కీపర్ తినని బాతు

తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు అరవై ఏడో ఏట వచ్చాయి. పేజీ నిండడానికి ఒక పూట పడుతుంది. అక్షరాల నెత్తిన పెట్టాల్సిన గుర్తులు ఇప్పటికీ ఒకదాని బదులు ఒకటి పడుతుంటాయి. నేను చెప్పబోయే సంగతి మా వీధిలో అందరికీ తెలిసిందే. అయితే ఎవరు చెప్పినా తమ తప్పు మాత్రం వదిలేసి చెబుతారు. నేను ఎదురింటి కిటికీలోంచి చూసినదాన్ని కాబట్టి నాకు ఆ ఇబ్బంది లేదు.

ఆ ఏడు అయిదో నెల పంచమి పండగ, దేశపు పెద్ద లీగ్‌లో ఆఖరి మ్యాచ్ ఒకే రోజు పడ్డాయి. మా ఊరి జట్టు అడుగు నుంచి రెండో స్థానంలో ఉంది. ఆ సాయంత్రం సైగాన్ వైపు నుంచి వచ్చిన జట్టుతో కనీసం సమానంగా ముగిస్తే పెద్ద లీగ్‌లో ఉంటాం, ఓడితే కింది లీగ్‌కి జారతాం. అసలు గోల్ కీపర్‌కి వారం కిందటే వేలు విరిగింది. అతని బదులు నిలబడవలసినవాడు ఖాయ్. ఇరవై మూడేళ్లవాడు, ఏడాదంతా బెంచీ మీద కూర్చున్నవాడు. "ఈ ఒక్క మ్యాచ్‌లో నిలబడు, వచ్చే రెండేళ్లు నిన్ను ఉంచుకుంటాను. లేదంటే పెట్టె సర్దుకో" అని కోచ్ లోక్ అతనికి ముఖం మీదే చెప్పేశాడు.

ఖాయ్ అద్దెకుండేది మా ఎదురింటి మియెన్ మేడ మీది గదిలో. అతనిది క్వాంగ్ నామ్, దేశం రెండుగా ఉన్న రోజుల్లో దక్షిణం వైపు ఉన్న ప్రాంతం. ముందు రోజు సాయంత్రం అతను తల్లితో ఫోన్‌లో మాట్లాడుతుంటే మెట్ల మీద బట్టలు తీస్తున్న మియెన్ చెవిన పడింది. "రేపు బాతు వండుతున్నావా అమ్మా? ఎవరెవరొస్తారు? నా వంతు నాన్నకి పెట్టు." కుర్రవాడికి ఎలాగైనా బాతు పెట్టాలని మియెన్ ఆ మెట్ల మీదే నిశ్చయించుకుంది.

పంచమి నాడు వాళ్ల వైపు బాతు లేకపోతే పండగే కాదు. మా ఉత్తరాన పాడ్యమి నుంచి దశమి దాకా బాతు పేరెత్తితే నెలంతా దరిద్రమే. మేము ఆ రోజు పొద్దున్నే పరగడుపున పులియబెట్టిన జిగురన్నం, పుల్లటి ఆల్బకరా పళ్లు తింటాం. కడుపులో పురుగులు చస్తాయని నమ్మకం. మియెన్ కూడా నమ్మేదే. అందుకే ఆమె రెండు వైపులా గౌరవం దక్కేలా ఒక ఉపాయం ఆలోచించింది. పొద్దున్న కుర్రవాడికి జిగురన్నం పెట్టాలి. బాతుని కూడా పొద్దున్నే తెచ్చి పెరట్లో కట్టేయాలి. మ్యాచ్ అయిపోయాక, అదృష్టంతో ఇక పని లేనప్పుడు, చడీచప్పుడు లేకుండా వండిపెట్టాలి.

నెల మొదట్లో మా సంతలో బాతులమ్మే ధైర్యం ఎవరికీ ఉండదు. పంచమి నాడు తెల్లారగానే మియెన్ సైకిలెక్కి ఊరి బయట బాతుల దొడ్డిదాకా వెళ్లి, ఒకదాన్ని సంచీలో వేసుకుని తిరిగొచ్చింది. వీధి మొదట్లో టీ కొట్టు లువా గ్లాసులు కడుగుతోంది.

"ఏంటక్కా, సంచీ అంత బరువుగా ఉంది?"

"ఆకుకూర."

ఆకుకూర మెడ పైకెత్తి రెండుసార్లు అరిచింది.

లువా చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. "బాతా?"

"పెంచుకుందామని," అంది మియెన్.

"పంచమి నాడు, మ్యాచ్ రోజున, గోల్ కీపర్ ఉన్న ఇంట్లో, పెంచుకుందామని?"

"ఒంటరిదాన్ని కదమ్మా, తోడుంటుందని."

మియెన్ జీవితంలో ఆడిన అబద్ధాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలవాటు లేకపోవడం వల్ల ఇది మరీ పచ్చిగా వచ్చింది. ఆమె ఇంటికి చేరి, బాతు కాలిని పెరట్లో పంపుకి కట్టి, ఖాయ్‌కి జిగురన్నం పట్టుకెళ్లేలోపే లువా ముగ్గురికి ఫోన్ చేసింది. ఆ ముగ్గురిలో ఒకడు థువాన్.

థువాన్ నేత మిల్లులో పనిచేసి రిటైరైనవాడు. స్టేడియంలో పెద్ద డప్పు అతనిదే. జట్టు ఓడినప్పుడల్లా అతనికి జ్వరం వస్తుంది. ఆ ఏడాది అతని భార్య మందుల సీసాలు కొనీ కొనీ విసిగిపోయింది. ఎర్రచొక్కాలు వేసుకున్న మరో నలుగురితో అతను మియెన్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"అక్కా, ఒక్కసారి బాతుని చూపించు."

"మీకెందుకు తమ్ముడూ?"

"అది ప్రాణంతో ఉందని తెలిస్తే మా ప్రాణాలు కుదుటపడతాయి."

మియెన్ వాళ్లని పెరట్లోకి తీసుకెళ్లింది. పంపుకి తాడు ఉంది. తాడు చివర ముడి ఉంది. ముడిలో ఉండవలసిన కాలు మాత్రం లేదు. నేల మీద రెండు తెల్లటి ఈకలు పడి ఉన్నాయి. ఎర్రచొక్కాలు ఆ ఈకల వైపు అదేదో శవాన్ని చూసినట్టు చూశారు.

సరిగ్గా అప్పుడే ఖాయ్ మూతి తుడుచుకుంటూ మెట్లు దిగాడు. "చాలా బాగుంది పెద్దమ్మా. గిన్నె నాకేశాను."

థువాన్ గోడ పట్టుకున్నాడు. "అయిపోయింది. కింది లీగ్‌కి వెళ్లిపోయాం."

"జిగురన్నం తమ్ముడూ! వాడు తిన్నది జిగురన్నం!"

"నేను బాతు తినలేదు బాబాయ్," అన్నాడు ఖాయ్, సంగతి సగమే అర్థమై.

"తిన్నవాడు తిన్నానంటాడా నాయనా? అది కాదు. తిననప్పుడు బాతు ఏది?" అన్నాడు థువాన్.

"తెచ్చి అరగంట కూడా కాలేదు," అని మియెన్ బతిమాలింది. "అరగంటలో కోసి, ఈకలు పీకి, వండగలనా?"

"ప్రెషర్ కుక్కర్ ఉందిగా," అంది వెనకే వచ్చిన లువా. అందరూ తలూపారు. నిజమే, మియెన్ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉంది.

కోపంతో కాదు, జాలితోనే లువా విరుగుడు కూడా చెప్పింది. పరగడుపు జిగురన్నం కడుపులో పురుగుల్ని చంపగలిగినప్పుడు బాతు దోషాన్ని మాత్రం ఎందుకు చంపదు? ఒక ఇంటిది చాలకపోతే పది ఇళ్లది పెడదాం. ఈ లెక్క అందరికీ నచ్చింది. మియెన్‌కి మాత్రం తన మాట నిలబెట్టుకోవడం ముఖ్యం. వీళ్ల ముందు ప్రాణమున్న బాతుని నిలబెడితే చాలు, కుర్రవాడి మీద పడిన మచ్చ పోతుంది. ఆమె మళ్లీ సైకిలెక్కింది.

దొడ్డివాడు ఆమెని ఎగాదిగా చూశాడు. "పంచమి పూట రెండో బాతా అక్కా? నా బేరం పోయినా సరే, ఇంటికెళ్లి పడుకో."

ఆమె బతిమాలి, తెల్లటిదాన్నే వెతికి పట్టించి, ఎదురుగాలిలో తొక్కుకుంటూ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ముందుగదిలో ఖాయ్ చాప మీద కూర్చుని ఉన్నాడు. అతని పక్కన ఒకదానిలో ఒకటి పేర్చిన గిన్నెలు పదకొండు. పన్నెండోది చేతిలో ఉంది. ఎనభై ఏళ్ల పెద్దావిడ ఒకామె రెండు చేతులతో పట్టుకొచ్చి ఎదురుగా నిలబడితే, ఏ కుర్రవాడు వద్దనగలడు? ఆమె వెనక మరో ముగ్గురు గిన్నెలతో నిలబడి ఉన్నారు. ఒకటో గిన్నె ఫలహారం. పన్నెండో గిన్నె దగ్గరికి వచ్చేసరికి అది కల్లే.

"పెద్దమ్మా, ఈ ఊరు బంగారం," అన్నాడు ఖాయ్ కళ్లనిండా నీళ్లతో. తర్వాత గుమ్మంలో ఉన్న సైకిల్‌కి వంగి దండం పెట్టాడు.

మియెన్ అతని చేతిలోంచి గిన్నె లాక్కుంది. అంతలో వీధి మొదటి నుంచి లువా కేక వినిపించింది. అందరూ పరిగెత్తారు. టీ కొట్టు వెనక, గ్లాసులు కడిగే తొట్టిలో, తెల్లటి బాతు ఒకటి కాలికి తాడు పోగుతో తీరిగ్గా ఈదుతోంది. పొద్దుటి నుంచీ ఆ నీళ్లతో కడిగిన గ్లాసుల్లోనే లువా అందరికీ టీ పోసింది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ ఇద్దరు ముగ్గురు ఉమ్మేశారు.

"చూశారా! ఇదే నా బాతు!" అంది మియెన్ ఆయాసపడుతూ.

థువాన్ తొట్టిలో బాతుని చూశాడు, మియెన్ చంకలోని బాతుని చూశాడు, వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "అంటే మొత్తం రెండు తెచ్చావన్నమాట."

"ఇది ఇప్పుడే తెచ్చాను!"

"నువ్వు పొద్దున్న ఆకుకూర అన్నావు. తర్వాత తోడు కోసమన్నావు. ఇప్పుడిలా అంటున్నావు. మూడోది తినేశాడో లేదో మాకేం తెలుసక్కా?"

మియెన్ రెండు బాతుల్నీ లువా చేతుల్లో పెట్టి, ఖాయ్ మొహం కడిగించి, తన సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని స్టేడియానికి తొక్కింది. కోచ్ దగ్గర మొత్తం తన నెత్తిన వేసుకోవాలని దారంతా అనుకుంటూనే ఉంది. బట్టలు మార్చుకునే గది బయట లోక్ ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"అంటే మీరు చెప్పేది, వీడు బాతు తినలేదని," అన్నాడు.

"ముక్క కూడా ముట్టలేదు బాబూ. వాడి తప్పు ఏమీ లేదు. వాడి రెండేళ్లు నా అబద్ధం కింద పడి నలిగిపోకూడదు."

"తినుంటే బాగుండేది కదక్కా! నేను సైగాన్‌వాణ్ణి. నా పెళ్లినాడే బాతు గంజి తిన్నాను." అతను ఖాయ్ మొహం దగ్గరికి వంగి వాసన చూసి ఒక్కసారిగా వెనక్కి జరిగాడు. "దేశం కలిసి ఇన్నేళ్లయింది. బాతు దగ్గర మాత్రం కలవలేదు. ఏరా, నిలబడగలవా?"

"నిలబడగలను సార్," అన్నాడు ఖాయ్. "కదలమంటేనే కష్టం."

మూడో గోల్ కీపర్ అనేవాడు జట్టులో లేడు. ఖాయ్ నెత్తిన రెండు బకెట్ల నీళ్లు పోసి పంపించారు.

ఆ సాయంత్రం మా వీధిలో ఇంట్లో ఉన్నది పిల్లులే. స్టేడియంలో బాతు సంగతి తెలియనివాడు లేడు, మా జట్టు ఆటగాళ్లతో సహా. వెనక ఉన్నవాడు బాతు తిన్నవాడని నమ్మిన ఆటగాళ్లు బంతిని అతని దాకా పోనిస్తే ఒట్టు. నడవలేని వయసులో ఉన్న మా కెప్టెన్ కూడా పరిగెత్తి పరిగెత్తి అడ్డంగా పడ్డాడు. ఎనభై ఏడు నిమిషాలు ఖాయ్ ఒక చేత్తో స్తంభం పట్టుకుని ప్రశాంతంగా గడిపాడు. గోల్ ఎవరూ వేయలేదు.

ఎనభై ఎనిమిదో నిమిషంలో ఆ కెప్టెన్ కాలే ఎదుటివాడికి తగిలి పెనాల్టీ వచ్చింది.

థువాన్ డప్పు ఆగిపోయింది. మియెన్ కళ్లు మూసుకుని, లువా చేయి దొరికితే దాన్నే పట్టుకుంది. పొద్దుటి నుంచి మాటల్లేని ఇద్దరూ వేళ్లు తెల్లబడేలా పట్టుకుని కూర్చున్నారు. "వాణ్ణి పంపించేస్తే ఆ గది ఇంకెవరికీ ఇవ్వను," అంది మియెన్ కళ్లు తెరవకుండానే. "ఊరుకో అక్కా, నాకు ఏడుపొస్తుంది," అంది లువా.

దక్షిణాది ఆటగాడు తెలివైనవాడు. పెనాల్టీకి గోల్ కీపర్ ఎటో ఒకవైపు దూకి తీరతాడని అతనికి తెలుసు. అందుకే పక్కలకి కొట్టలేదు. పరుగెత్తుకొచ్చి, బలమంతా పెట్టి సరిగ్గా మధ్యలోకి కొట్టాడు. మధ్యలో ఖాయ్ ఉన్నాడు. బంతి అతని గుండెకి తగిలి, అంత దూరమూ తిరిగి వెళ్లిపోయింది. ఖాయ్ అలాగే నిలబడి, కాసేపటికి కూర్చున్నాడు. గోల్ లేకుండానే మ్యాచ్ ముగిసింది, మేం పెద్ద లీగ్‌లో మిగిలాం.

చీకటి పడగానే లోక్ ఒప్పందం కాగితాలు పట్టుకుని మియెన్ ఇంటికి వచ్చాడు. ఖాయ్ మేడ మీద గురకపెడుతున్నాడు. ముందుగదిలో ఊరు ఊరంతా ఉంది. లోక్ నాలుగు వైపులా చూసి గొంతు తగ్గించి అడిగాడు. "అక్కా, ఆ బాతులేమయ్యాయి? పంచమి కదా, నాకూ ఇంటి మీద బెంగగా ఉంది."

మియెన్ పెరటి వైపు చూపించింది. పంపు దగ్గర రెండు బాతుల మెడలకీ ఎర్ర రిబ్బన్లు కట్టి ఉన్నాయి. థువాన్ వాటి మధ్య పీట వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. "నేను పొద్దున్నే అన్నాను. కుర్రవాడు బాతు తిన్నాడు, ఇక మనకి తిరుగు లేదని. దక్షిణాది వాళ్లకి తెలిసిన కిటుకు అది. వచ్చే ఏడు ప్రతి మ్యాచ్‌కీ ముందు ఒక బాతు. వీటిని మాత్రం ముట్టుకుంటే ఊరుకోను."

లోక్ రెండు ఆల్బకరా పళ్లు తిని వెళ్లిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం ఖాయ్ లేచి, తలకి తడి తువ్వాలు చుట్టుకుని రెండేళ్ల ఒప్పందం మీద సంతకం చేశాడు.

పెనాల్టీ అప్పుడు ముగ్గురు ఆటగాళ్లు, మూడు బంతులు కనిపించాయని, ఎటు దూకాలో తెలియక ఊరుకున్నానని ఖాయ్ ఇప్పటికీ అంటుంటాడు గానీ, అంత వినయం మంచిది కాదని ఊళ్లోవాళ్లు అతన్ని మందలిస్తారు.

బుయి థి సేన్
డెబ్బై నాలుగేళ్లు. ఇప్పుడు ఉండేది హాయ్ ఫాంగ్‌లో, చేపల సంత వెనక వీధిలో.