బర్మా పటానికి తగిలిన గాయాలు

ఆ ఉదయం బలరామయ్య పట్టుపటాన్ని మడతలు పోవడానికి వరండాలోని మగ్గం కొయ్యకు వేలాడదీశాడు. పొద్దుటి బస్సుకు వేలూరు వెళ్లాలి. పాత యుద్ధపటాలు సేకరించేవారి సంఘం అక్కడ కూడుతుంది. పోయినసారి అతను తెచ్చిన పటాలను సంఘాధ్యక్షుడు రాజమాణిక్యం నకళ్లని తేల్చాడు. "మళ్లీ ఇట్లాంటివే తెస్తే ఇంక రావద్దప్పా," అని నలుగురిలో అన్నాడు.

ఈసారిది అసలుదే. బర్మా యుద్ధానికి వెళ్లిన సైనికుడికి, దారి తప్పితే చూసుకోమని ఇచ్చిన పట్టుగుడ్డ పటం. అణైకట్‌లో ఆయన మనవరాలు ఇచ్చింది. ఆయన దారి తప్పలేదు, దాన్ని విప్పలేదు. పెట్టెలో కొత్త గుడ్డలా ఉండిపోయింది.

బలరామయ్య స్నానానికి వెళ్లాడు. గుడియాత్తంలో మగ్గం కొయ్యకు కొత్త గుడ్డ వేలాడితే అది వ్యాపారి పంపిన మచ్చు. మచ్చులో ఒక మూల కత్తిరించి రంగు వేసేవాడికి పంపడం ఆనవాయితీ. ఆ మగ్గం మీద లుంగీలు నేసే జయరామన్ వచ్చాడు, చూశాడు, కత్తిరించాడు.

"మూల యాడరా?" బలరామయ్య తడితలతో అరిచాడు.

"పెరియస్వామికి పంపినా మామా. ఇంత గజిబిజి లుంగీ ఎవరు కడతారు? ఆ పచ్చ మాత్రం బాగుండాది."

"లుంగీ కాదురా, అది బర్మా!"

"బర్మాకా పంపేది? అయితే పొడుగు చాలదు మామా."

బలరామయ్య పటం పట్టుకుని రంగుల కొట్టానికి పరుగెత్తాడు. మూల అప్పటికే తొట్టిలో ఉడుకుతోంది.

"మంచిది, మిగతాదీ తెచ్చినావు. ఆ ముక్క చాల్లేదు," అంటూ పెరియస్వామి పటం లాక్కుని, పట్టు రంగు పట్టుకుంటుందో లేదో చూడటానికి ఒక అంచు ముంచాడు. ఎరుపు ఇరావతి నది పొడవునా పాకింది.

బస్సుకు వేళయింది. బలరామయ్య పటాన్ని పొయ్యి మీద పట్టి ఆరబెట్టాడు. నడుమ పడిన రంధ్రం మాత్రం అతని సొంత పని.

వేలూరులో రాజమాణిక్యం భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈ మూల?"

"జయరామన్ కత్తెర వేసినాడు..."

"ఈ ఎరుపు?"

"పెరియస్వామి దగ్గర అయింది."

"ఈ కాలింది?"

"అది నేనే..."

"చాలప్పా, చెప్పలేకపోతా ఉండావు." రాజమాణిక్యం కళ్లు తుడుచుకున్నాడు. "వీళ్లిద్దరి కోసం అందరూ లేచి నిలబడండి."

అందరూ లేచారు. తలలు వంచారు.

"వాళ్లిద్దరూ బతికే ఉండారయ్యా," అన్నాడు బలరామయ్య.

"అవును. మన మనసుల్లో."

పటాన్ని గోడ నడుమ వేలాడదీశారు. పక్కనే రాజమాణిక్యం సొంత బర్మా పటం ఉంది. గీత పడలేదు, మరక లేదు. ఏళ్లుగా దాన్ని మెచ్చుకున్నవాళ్లే ఆ రోజు దగ్గరికి వెళ్లి, ముక్కు ఆనించి, అనుమానంగా వెనక్కి వచ్చారు.

బస్టాండుకు నడుస్తూ బలరామయ్య జరిగిందంతా రాజమాణిక్యానికి చెప్పేశాడు. ఆయన గిర్రున తిరిగి సంఘం వైపు నడిచాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాడు బలరామయ్య. అయినా బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, హాయిగా నిద్రపోయాడు.

మరుసటి వారం రాజమాణిక్యం చంకలో చుట్టిన తన బర్మా పటంతో గుడియాత్తం వచ్చాడు. ఆ తర్వాత సంఘంలో మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు.

ఇప్పుడు జయరామన్ కత్తెర తీసే ముందు "ఏ యుద్ధమప్పా?" అని అడుగుతున్నాడు.