హాజరు తప్పని అమరవీరుడు

మా పుయెర్తో తెపూ స్వచ్ఛంద అగ్నిమాపక కంపెనీ ఈ ఆదివారంతో నూరేళ్లు పూర్తి చేసుకుంటోందని, ఈ నూరేళ్లలో ఒక్కసారి కూడా హాజరు తీసుకోకుండా మంట జోలికి వెళ్లలేదని, ప్రపంచంలో ఇలాంటి క్రమశిక్షణ మరెక్కడా లేదని మా డైరెక్టర్ దోన్ ఫిదెల్మో ఓయార్సో చర్చి మెట్ల మీద నిలబడి ప్రకటించారు. మూడోది నాకు తెలియదు గాని మొదటి రెండూ నిజమే. కంపెనీ సెక్రటరీని నేనే. హాజరు రిజిస్టరు నా దగ్గరే ఉంటుంది. మిగతా వేళల్లో ఊళ్లోవాళ్ల జుట్టు కత్తిరిస్తుంటాను. కంపెనీ చరిత్రను పుస్తకంగా రాసే బాధ్యత కూడా నాకే అప్పగించారు.

మాలో ఎవరికీ జీతం లేదు. రొట్టెలు కాల్చేవాడు, చేపలు పట్టేవాడు, పళ్లు పీకేవాడు, సైరన్ మోగితే అందరూ ఎర్ర కోటు తొడుక్కుని పరుగెత్తాల్సిందే. జీతం లేని చోట పతకమే జీతం. పతకమేమో హాజరును బట్టి వస్తుంది, ఒక్కటి తప్పినా రాదు. అందుకని మంట దగ్గరికి చేరగానే ముందుగా వరస కట్టి నిలబడతాం. నేను పేర్లు పిలుస్తాను. పిలవడం పూర్తయ్యాకే పైపు విప్పుతాం. ఒకసారి రంపపు మిల్లు అంటుకున్నప్పుడు ముప్పైమంది పేర్లూ పిలిచేసరికి మంట తనంతట తానే ఆరిపోయింది. నీళ్లు ఆదా అయ్యాయని మేయరు గారు మెచ్చుకుని కాగితం పంపారు.

ఇంత ఘనత ఉన్నా చాలాకాలం మాకొక వెలితి ఉండేది. ఎదురొడ్డు ఊరి కంపెనీకి ఇద్దరు అమరవీరులున్నారు, మాకు ఒక్కడూ లేడు. ఫుట్‌బాల్‌లో మేం గెలిచినా వాళ్లు ఆ మాటే ఎత్తి పొడిచేవారట. చివరికి, యాభై ఎనిమిదేళ్ల కిందట దేవుడు కరుణించాడు. రేవులో ఆపిల్ సారా గోదాము తగలబడింది. లోపలికి వెళ్లిన ఒనోఫ్రే బర్రియా తిరిగి రాలేదు, హెల్మెట్ ఒక్కటే దొరికింది. ఊరంతా వెక్కివెక్కి ఏడ్చి, ఎదురొడ్డు వైపు ఒకసారి గర్వంగా చూసింది.

అప్పటి నుంచీ హాజరులో మొదట ఆయన పేరే పిలుస్తాం. అందరూ ఒక్క గొంతుతో "హాజర్!" అంటారు. ఆ మాట నేను రిజిస్టర్లో ఎక్కిస్తాను. కూడలిలో ఆయన విగ్రహం లేచింది. ఆయనకు నా అన్నవాళ్లు లేకపోవడంతో ఆయన చెక్క ఇల్లు మ్యూజియం అయింది. అందులో ఆయన మంచం, మంచం చుట్టూ తాడు, పక్కన ఎన్నడూ ఆరని కిరసనాయిలు దీపం ఉంటాయి. ఆ దీపాన్ని కనిపెట్టుకుని ఉండేది డైరెక్టర్ గారి వదినె దోన్యా సులేమా. మ్యూజియం తాళంచెవి మాత్రం అందరికంటే ఎక్కువ హాజరున్న సభ్యుడి దగ్గరే ఉండాలని రూలు. కాబట్టి అది దోన్ ఫిదెల్మో మెడలోనే వేలాడుతూ ఉండేది.

శనివారం కూడలిలో రిహార్సల్ పెట్టాం.

"ఒనోఫ్రే బర్రియా!" అని పిలిచాను.

"హాజర్!" అన్నారు ముప్పైమంది.

"ఆఁ, ఉన్నానయ్యా," అంది ఇంకో గొంతు, కాస్త ఆలస్యంగా.

విగ్రహం నీడలో ఒక ముసలాయన అట్టపెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముక్కు అదే, చెవులు అవే. జుట్టు మాత్రం విగ్రహానికే ఎక్కువుంది.

"ఎవరు పెద్దాయనా నువ్వు?" అన్నారు దోన్ ఫిదెల్మో.

"పిలిచింది మీరే కదరా! ఒనోఫ్రేని. నువ్వు రిగోబెర్తో కొడుకువి కదూ? అదే బొజ్జ."

"నువ్వు చచ్చిపోయావు కదా!"

"పొగ ఎక్కువైందిరా అబ్బాయ్. వెనక తలుపులోంచి బయటపడ్డా. అక్కడ పడవ ఉంది. దక్షిణాదికి, గొర్రెల బొచ్చు కత్తిరించే పనికి మనుషుల్ని తీసుకెళ్తోంది. ఎక్కేశా."

"ఒక్క ఉత్తరం ముక్క రాయొచ్చు కదా?"

"రాద్దామనే అనుకున్నా. ఈలోగా నాకు విగ్రహం పెట్టారని తెలిసింది. మొహమాటమేసింది."

"మరి ఇప్పుడెందుకొచ్చినట్టు?"

"మోకాళ్లు పోయాయి. గొర్రెలిక నా మాట వినట్లేదు. నా ఇంట్లో నా మంచం మీద పడుకోవాలి. అంతే, ఇంకేమీ వద్దు."

దోన్యా సులేమా అడ్డొచ్చింది. "వస్తువుల్ని ముట్టుకోకూడదు, బోర్డు పెట్టాం. పదింటికి రా, ఐదింటిదాకా చూసుకో."

"నా మంచాన్నా?"

"తాడుకి ఇవతల నించుని."

సెక్రటరీని గనక ఆ మాట కూడా రాసుకున్నాను. 

సాయంత్రం అత్యవసర సమావేశం జరిగింది. దోన్ ఫిదెల్మో రూల్స్ పుస్తకం ఆసాంతం తిరగేశారు.

"అమరత్వానికి రాజీనామా ఇవ్వొచ్చని ఇందులో ఎక్కడా లేదు."

"మనిషి ఎదురుగా కూర్చుని ఎంపనాద తింటున్నాడు కదండీ," అన్నాను.

"తిననీండి. తిండికీ రూల్సుకీ ఏం సంబంధం?"

ఇక్కడే నేను నోరు జారాను. "ఒక్క సందేహమండీ. ఈయన బతికే ఉంటే, యాభై ఎనిమిదేళ్లలో ఒక్క హాజరూ తప్పలేదు. ప్రతిసారీ హాజర్ అనే రాసుంది."

అందరూ దోన్ ఫిదెల్మో వైపు తిరిగారు. అందరికంటే ఎక్కువగా, యాభై ఏళ్లు హాజరు తప్పనందుకు ఆయనకి బంగారు పతకం తగిలించడానికి జాతీయ అగ్నిమాపక సంఘం అధ్యక్షుల వారు మర్నాడే వస్తున్నారు.

"అయితే చచ్చిపోయాడనే తీర్మానిద్దాం," అన్నారు దోన్ ఫిదెల్మో వెంటనే.

రహస్య ఓటింగు పెట్టాం. చచ్చాడని పదకొండు, బతికున్నాడని పందొమ్మిది వచ్చాయి. డైరెక్టర్ గారంటే ఊరికి ఎంత అభిమానమో ఆ రోజు లెక్క తేలింది.

కానీ గొప్పవాళ్లు ఓటమికి కుంగరు. ఆయన గొంతు సవరించుకున్నారు. "సరే, బతికున్నాడు. బతికున్నవాడి తరఫున ఇంకొకరు హాజరు పలకడానికి వీల్లేదు. వరసలో నిలబడి తన నోటితో తనే పలకాలి."

"అంటే రేపు తాళంచెవి నాదేనా?" అన్నాడు ఒనోఫ్రే.

"హాజరు తప్పకపోతే."

"ఇన్నేళ్లూ తప్పలేదుగా!" అని ఆయన మురిసిపోయాడు. ఆ రాత్రి నా దుకాణంలో క్షవరం కుర్చీలో పడుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బ్యాండు మోగింది. అందరం తెల్ల ప్యాంట్లలో మెరిసిపోతున్నాం. మఖమల్ దిండు మీద పతకం ఉంది. పండగ పూట కదా అని దోన్యా సులేమా దీపంలో నూనె అంచుదాకా పోసి, చుట్టూ కాగితం పూలదండలు కట్టింది. అధ్యక్షుల వారి ప్రసంగం సగంలో ఉండగా మ్యూజియం కిటికీలోంచి పొగ లేచింది.

రెండు నిమిషాల్లో ఆ ఇంటి ముందు వరస కట్టాం. నూరేళ్లలో అంత వేగంగా ఎప్పుడూ చేరుకోలేదు. రిజిస్టరు తెరిచాను.

"ఒనోఫ్రే బర్రియా!"

ఎవరూ పలకలేదు.

"ఒనోఫ్రే బర్రియా!"

పండగకని తెరిచి ఉంచిన ఇంట్లోకి మాకంటే ముందే దూరాడు, కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. మంచం మీది దుప్పటి తడిపి మంటల్ని బాదుతున్నాడు, దగ్గుతున్నాడు.

"దోన్ ఒనోఫ్రే! మీకు పుణ్యముంటుంది, ఒక్కసారి వచ్చి వరసలో నిలబడి హాజర్ అనండి!" అని అరిచాను.

"ఏంట్రా? బకెట్ అందుకో, బకెట్!"

"బకెట్ అన్నాడు," అన్నారు దోన్ ఫిదెల్మో. "హాజర్ అనలేదు. రాసుకోండి."

 రాశాను.

ముప్పయ్యో పేరు పిలిచేసరికి మంట ఆరిపోయింది. కళ్లెదుటే ఇల్లు కాలుతున్నా చెక్కుచెదరని మా వరసను చూసి అధ్యక్షుల వారు చలించిపోయారు. అక్కడికక్కడే దోన్ ఫిదెల్మో కోటుకి పతకం గుచ్చారు. బ్యాండు మళ్లీ మొదలైంది.

ఒనోఫ్రే మసిముఖంతో గుమ్మంలోకి వచ్చాడు. "హాజరు అయిపోయిందా?"

"అయిపోయిందండీ."

"నా పేరు పిలిచారా?"

"మొదట మీదే పిలిచాం."

ఆయన పతకం వైపు చూశాడు, దాని పక్కన వేలాడుతున్న తాళంచెవి వైపు చూశాడు. లోపలికెళ్లి గడియ వేసుకున్నాడు. దోన్ ఫిదెల్మో తాళంచెవి తిప్పితే తాళం చక్కగా తిరిగింది గాని తలుపు తెరుచుకోలేదు. "ఐదయింది! సందర్శకులు బయటికి రావాలి!" అని దోన్యా సులేమా తలుపు బాదింది. లోపలి నుంచి గురక వినిపించింది.

ఆ వారమే చరిత్ర పుస్తకం పూర్తి చేశాను. చివరి పేజీలో రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాశాను: "ఒనోఫ్రే బర్రియా. గైర్హాజరు. కారణం: మంట ఆర్పుతున్నాడు."

దోన్ ఫిదెల్మో రాతప్రతి అంతా ఓపిగ్గా చదివి, ఆ ఒక్క వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి పక్కన రాశారు: "ఈ కారణం రూల్సులో లేదు."