ఎత్తకూడని బండి

"అమ్మా, ఇవాళ ట్రైలర్ని ఎత్తిస్తున్నాను," అన్నాడు బాబూరావు, పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెడుతూ.

అతని తల్లి కూర్మమ్మ చెవులు ఎదురింటి కబుర్లకు పనిచేసినంత బాగా సొంతింటి కబుర్లకు పనిచేయవు. "టైలర్ని ఎత్తడం ఏటిరా? ఆడేటి సేసేడు పాపం? ఆదివారానికి నా జాకెట్టు ఇస్తానన్నాడే!"

"టైలర్ కాదమ్మా, ట్రైలర్! మన చక్రాలిల్లు!"

"అలా సెప్పు. ఇల్లెత్తిస్తన్నావన్నమాట. మరి ముహూర్తం సూసేవా?"

చక్రాలున్నా అది ఇల్లేనని తేల్చింది కూర్మమ్మే. ఎలాగంటే, బరంపురం బడా బజార్లో బాబూరావుది పప్పుల కొట్టు. పాతికేళ్ల కాపురంలో అతని భార్య కామాక్షి నోరు తెరిచి అడిగింది ఒక్కటే. గోపాలపూర్‌లో ఒక రాత్రి పడుకుని, చీకట్లో సముద్రం చప్పుడు వినాలని. గోపాలపూర్ అరగంట దూరం. కానీ ఆ అరగంటకు అడ్డంగా కూర్మమ్మ ఉంది. ఆవిడ పరాయి పొయ్యి మీద ఉడికింది ముట్టదు, కోడల్ని ముట్టనివ్వదు, ఇంట్లో ఒంటరిగా ఉండదు. లాడ్జి అనే మాట చెవిన పడితే చెంపలు వేసుకుంటుంది. అంచేత ఎప్పుడు వెళ్లినా ముగ్గురూ పులిహోర కట్టుకుని వెళ్లడం, దీపాల వేళకు తిరిగొచ్చేయడం. కామాక్షికి సముద్రం పగటి చుట్టంగానే మిగిలిపోయింది.

ఈసారి పెళ్లిరోజుకైనా ఆ కోరిక తీరుద్దామని, మూతపడిన ఒక టూరిస్టు కంపెనీ దగ్గర బాబూరావు పాత ట్రైలరు కొన్నాడు. రెండు మంచాలు, ఒక కిటికీ, ఒక పొయ్యి. జీపు వెనక తగిలిస్తే చాలు, ఇల్లు మనతో వస్తుంది. "సొంత పొయ్యి కదమ్మా!" అన్నాడు. కూర్మమ్మ లోపలికెక్కి నాలుగు మూలలూ చూసి, "పొయ్యుంటే ఇల్లే. ఇల్లయితే దానికి శాస్త్రం ఉంది," అని పాలు పొంగించింది. పాలు తూర్పుకే పొంగాయి. ఇల్లు నిలబడినంతసేపూ బాగానే ఉంది. కదిలినప్పుడే కథ మొదలైంది. వీధి మలుపులో స్పీడ్‌బ్రేకర్ మీద పొట్ట ఆనించి, ఎండలో దున్నపోతులా పడుకుని, జీపు ఎంత గుంజినా లేవనంది. ఆ స్పీడు బ్రేకరు స్పీడుకే కాదు, కామాక్షి సముద్రానికి కూడా బ్రేకు వేసింది.

లారీల మెకానిక్కు ముత్యాలు వచ్చి కిందికి దూరి, బయటికొచ్చి తీర్పు చెప్పాడు. "ఇరుసు కమానుకట్టల మీద, అదే స్ప్రింగు పట్టీల మీద, కూకుంది సావుకారూ. దాన్ని కట్టల కిందకి మార్సేమంటే బండి జానెడు లేస్తది."

ఇరుసు కిందికి దిగాలంటే పరుసు పైకి రావాలని బాబూరావుకు తెలుసు. తీశాడు.

సాయంత్రానికి బండి ఒక పక్క దర్జాగా లేచింది. రెండో పక్క మాత్రం బోల్టులు పొట్టివైపోయాయి. ట్రైలరు పెరట్లో తాగొచ్చిన అల్లుడిలా ఒక వైపుకు ఒరిగి నిలబడింది. "విశాపట్నం నుంచి పొడుగు బోల్టులు రావాల. అందాకా ఎత్తకూడదు సావుకారూ, ఎత్తేమంటే పెమాదం!" అని ముత్యాలు వీధంతా వినపడేలా చెప్పి వెళ్లాడు. తనకూ ఏదో అర్థమైపోవాలని బాబూరావు ఒకసారి కిందికి దూరాడు. బోల్టు గడ్డానికి తగిలింది. కాంపౌండరు పట్టీ వేసి, కొన్నాళ్లు కత్తి తగలనివ్వొద్దన్నాడు. బోల్టుల కోసం పెళ్లిరోజు ఆగలేదు. వచ్చి వెళ్లిపోయింది. "ఇప్పుడు సముద్రానికి ఎళ్లటం లేదులే," అని బాబూరావు వసారాలో గట్టిగా నిట్టూర్చాడు. కామాక్షి గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాటి నుంచే బాబూరావుకు లోకం అర్థం కావడం మానేసింది.

కూర్మమ్మ స్వయంగా పాలు కాచి, కోడలి మంచం దగ్గరికి పట్టుకెళ్లింది. పనిమనిషి బుల్లమ్మ పరిగెత్తుకొచ్చి, "అమ్మా, బిందె ముట్టకండి, నానున్నాను గదా!" అని లాక్కుంది. కామాక్షి హడలిపోయి మొగుణ్ని పక్కకు పిలిచింది. "ఏవండీ, అత్తయ్యకు ఒంట్లో బాగున్నట్టు లేదు. నన్ను బంగారం అంటున్నారు!"

కొట్టు తెరిచేసరికి పక్క కొట్టు సోమేశ్వరరావు ఎదురొచ్చాడు. "ఖుసి ఖబర, ఇంత మంచి కబురు, దాస్తావేటి బావా? బజారంతా తెలిసిపోయింది!"

బాబూరావు ఛాతీ ఉబ్బింది. బడా బజార్లో ట్రైలరున్న పప్పుల వ్యాపారి తనొక్కడే మరి. "దాసడం ఏటి బావా, పెరట్లోనే ఉంది గదా. మీ సెల్లెమ్మ పాతికేళ్ల కోరిక."

"అయినా ఈ వయసులో దైర్యం సేసేవు."

"వయసుకేటి? పాతదైనా గట్టిది. రంగేయిస్తే కొత్తదిలా ఉంటది."

సోమేశ్వరరావు గొంతు తగ్గించాడు. "మరి ఎవరు సూస్తన్నారు?"

"ముత్యాలు."

"ఏ ముత్యాలు? లారీల ముత్యాలా!"

"మంచి పనోడు. సూసిన ఎంటనే, పొట్ట కిందకి జారిపోయిందని సెప్పేసేడు. జాకీ పెట్టి ఒక పక్క ఎత్తేడు. రెండో పక్కకి సామాను విశాపట్నం నుంచి రావాల."

సోమేశ్వరరావు కందిపప్పు బస్తా మీద కూలబడ్డాడు. "సెల్లెమ్మ... ఓర్సుకుందా?"

"ఏటోర్సుకోడం? నిన్నటి నుంచి అన్నమే ముట్టలేదు."

"నీ కాళ్లు పట్టుకుంటాను బావా, పెద్దవాళ్లెవరికైనా సూపించు!"

"పెద్ద కంపెనీవాళ్లకి సూపిస్తే దీన్ని అమ్మేసి కొత్తది తెచ్చుకోమంటారు బావా!"

సోమేశ్వరరావు ఆ రోజంతా బాబూరావుతో మళ్లీ మాట్లాడలేదు. ఎందుకో బాబూరావుకు తెలియలేదు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి, కొడల అనే ఊళ్లో కాపురముంటున్న కూతురు వాసవీకుమారి పెరట్లో నిలబడి ఉంది. మొహం కందగడ్డ. "నాన్నా! మా అత్తగారు నన్ను పిలిచి, మీ అమ్మకి నీళ్లెప్పుడు పోస్తారని అడిగేరు. తల ఎక్కడ పెట్టుకోను?"

"ఏం, మీ అమ్మ పోసుకోలేదా ఇవాళ?"

"అయ్యో నాన్నా, పురిటి నీళ్లు! అమ్మకి నెల తప్పిందట గదా!"

బాబూరావు కామాక్షిని చూశాడు. కామాక్షి బాబూరావును చూసింది. తనకు చెప్పకుండా రెండోవాళ్లు ఏమైనా చేసేశారా అన్నట్టు ఒకరినొకరు పైకీ కిందికీ చూసుకున్నారు.

సరిగ్గా అప్పుడే ముత్యాలు లోపలికొచ్చాడు. "బోల్టులొచ్చేయి సావుకారూ! ఎత్తేద్దుమా?" అంటూ బండి కింద జాకీ పెట్టాడు.

"సెయ్యేసేవంటే ఇరగ్గొడతాను!" అని కూర్మమ్మ వసారాలోంచి కర్రతో దిగింది. "కోడలు కడుపుతో ఉంటే ఇల్లెత్తుతార్రా ఎవరైనా?"

"కడుపేటమ్మా?" అన్నాడు బాబూరావు ఏడుపు గొంతుతో.

"నాకు సెప్పకపోతే నాకు తెలవదనుకున్నావా? ఇంట్లో ఆడది కడుపుతో ఉంటే ఇల్లు కట్టకూడదు. 'ఎత్తకూడదు, పెమాదం' అని ఈ ముత్యాలే అరిసేడు. మొగుడు సముద్రానికి ఎళ్లకూడదు. ఎళ్లనన్నావు. గెడ్డం గీసుకోకూడదు. మానేసేవు. పైగా అది అన్నం ముట్టదు. ఇంకా ఏటి కావాల?"

పెరట్లో కోర్టు మొదలైంది. ముత్యాలు పొట్టి బోల్టునూ పొడుగు బోల్టునూ పక్కపక్కన పట్టుకుని చూపించాడు. బాబూరావు గడ్డం మీద పట్టీ పీకి, గాయాన్ని సాక్ష్యం పెట్టాడు. బుల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఖరున కామాక్షి నోరు విప్పింది.

"నేను అలిగేను అత్తయ్యా. అంతే."

"అలిగేవా? దేనికి?"

"రాత్రిపూట సముద్రం సూడాలని. పాతికేళ్ల నుంచి."

"మరి నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"సెప్పేను. మీకు వినపళ్లేదు."

కూర్మమ్మ మెల్లగా మెట్టు మీద కూర్చుంది. ఆవిడ ఒళ్లో కొత్త గాజుల పొట్లం ఉంది. కోడలి కోసం పొద్దున్నే బుల్లమ్మ చేత కొనిపించింది. దాన్ని ఒకసారి తడిమి, పక్కన పెట్టేసి, "ఐతే ఎత్తేయండి," అంది ఎటో చూస్తూ.

ముత్యాలు జాకీ కొట్టడం మొదలెట్టాడు.

వాసవీకుమారి తలొంచుకుని, తనకే వినపడనంత మెల్లగా అడిగింది. "మామ్మా... ఆ శాస్త్రం కూతురు కడుపుతో ఉన్నా ఉంటుందా?"

చెవి దగ్గర శంఖం ఊదినా వినపడని కూర్మమ్మకు ఆ గుసగుస మొదటిసారికే వినపడింది.

"ముత్యాలూ! దింపు!"

"అమ్మా, అది ఇప్పుడు అత్తారింటి పిల్ల..." అని బాబూరావు వాదించబోయాడు.

"తొలి కానుపు ఎక్కడరా? పుట్టింట్లో. పుట్టిల్లంటే వసారా, పెరడు, ఆ పెరట్లో చక్రాలిల్లు. అంతా ఒకటే."

ఇరుసు కిందికి దిగలేదు గానీ, గాజులు మాత్రం ఒక తరం కిందికి దిగి వాసవీకుమారి చేతులకు ఎక్కాయి. కామాక్షి కూతుర్ని పొదివి పట్టుకుని నవ్విందో ఏడ్చిందో బాబూరావుకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడం అతనికి పొద్దుటి నుంచీ అలవాటైపోయింది.

కూర్మమ్మ కోడలి వైపు తిరిగింది. "సముద్రానికి ఎళ్లకూడనిది దాని మొగుడు. నీ మొగుడు కాదు. రేపు ఇద్దరూ జీపెక్కి ఎళ్లండి. నాకు తోడు మనవరాలుంది."

"మరి రాత్రికి ఎక్కడుంటాం అత్తయ్యా?"

"లాడ్జిలో."

బాబూరావు చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "ఏటమ్మా?"

"లాడ్జి! సెవుడేట్రా నీకు?"

కామాక్షి లాడ్జి కిటికీ తెరుచుకుని తెల్లారేదాకా సముద్రం విన్నది. వాసవీకుమారి పురుడు పోసుకునేదాకా ట్రైలరు పెరట్లో ఒరిగే ఉంది. మనవరాలి కోసం కూర్మమ్మ అందులోనే పాలు కాచేది. బండి వాలు అటే కాబట్టి, అవి ఏనాడూ శాస్త్రం చూసుకోకుండా గోపాలపూర్ వైపుకే పొంగేవి.