టీచరమ్మ మంచానికి పరీక్ష

ఆ నర్సింగ్ హోముకు ఎవరు వస్తున్నారని తెలిసినా పెద్ద సిస్టర్ చేసే మొదటి పని కడిగించడం. పెద్ద అధికారి వచ్చినా, కుళాయి బాగుచేసే మనిషి వచ్చినా ఆవిడకు ఒకటే. వచ్చినవాడి కన్ను ముందు శుభ్రం మీద పడితే సగం తప్పులు వాటంతటవే మాఫీ అయిపోతాయని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం ఎన్నడూ బెడిసికొట్టలేదు. అందుకే మిషన్లకు కరెంటు పరీక్ష చేసే ఆయన వస్తున్నాడన్న రోజు కూడా తెల్లారకముందే బకెట్లు బయటికొచ్చాయి.

పరీక్షంటే మరేం లేదు. రోగులకు వాడే ప్రతి మిషన్‌కూ ఏడాదికోసారి మీటరు పెట్టి చూస్తారు. లోపల ఉండాల్సిన కరెంటు కాస్తా కారి, మనిషి ఒంటికి తగిలే చోటికి చేరుతోందా అన్నది మీటరు చెబుతుంది. బాగుంటే పచ్చ చీటీ అంటిస్తారు. బాగోకపోతే ఎర్ర చీటీ. ఎర్ర చీటీ పడ్డ మిషన్‌ను ఇక ముట్టకూడదు.

అందరి బెంగా టీచరమ్మ మంచం గురించే. టీచరమ్మ ఒకప్పుడు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. తుంటి విరిగి వచ్చి, నడుములో బలం చాలక అక్కడే ఉండిపోయింది. ఆ హోములో మోటారు మంచం ఆవిడదొక్కటే. రిమోటు నొక్కితే తలవైపు మెల్లగా లేస్తుంది. దాని పుణ్యమా అని ఆవిడ ఎవర్నీ పిలవకుండా లేచి కూచుని, కిటికీ వెలుతురులో సూదిలోకి దారం ఎక్కించుకుని, నర్సుల చిరుగులన్నీ కుట్టిపెడుతూ ఉండేది. మంచం మాత్రం బాగా పాతది. డాక్టరుగారు ముందే తేల్చేశారు.

"ఎర్ర చీటీ పడితే దాన్ని తీసేయండి. స్టోరులో ఇనప మంచం ఉందిగా, అది వేద్దాం."

ఇనప మంచం మీద టీచరమ్మ కూచోవాలంటే ఇద్దరు పట్టి లేపాలి. ఆ మాట చెవిన పడ్డప్పటినుంచి ఆవిడకు ముద్ద దిగడం లేదు. "దప్పికేస్తే అడుగుతాను, నొప్పి పుడితే అడుగుతాను. లేచి కూచోడానికి కూడా ఒకర్ని బతిమాలుకోవడం నా వల్ల కాదు సిస్టర్," అంది.

అందుకే పెద్ద సిస్టర్ మిగతావాటికన్నా ఆ మంచాన్ని ఎక్కువ ప్రేమగా కడిగించింది. టీచరమ్మను చక్రాల కుర్చీలోకి మార్పించి, ప్లగ్గు పీకించి (ఆ మాత్రం తెలివి ఉంది), మంచం కింది మోటారు డబ్బాను ఆయమ్మ చేత నీళ్లోడే గుడ్డతో రుద్దించింది. రిమోటును ఏకంగా సబ్బునీళ్లలో నానబెట్టించింది. కఫం లాగే మిషన్‌కూ, ఆవిరి పట్టే మిషన్‌కూ, బీపీ మిషన్‌కూ అదే మర్యాద జరిగింది. తప్పించుకున్నది ఈసీజీ మిషన్ ఒక్కటే. అది డాక్టరుగారి ప్రాణం. అద్దాల బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతారు.

మంచం మీదికి మళ్లీ చేర్చిన కాసేపటికే టీచరమ్మ పిలిచింది.

"ఆయమ్మా, పక్క తడిగా ఉందే."

ఆయమ్మ మనసున్న మనిషి. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పర్లేదులెండి టీచరమ్మగారూ. పెద్దవయసులో అవుతుంటాయి. నేనెవరికీ చెప్పను."

"ఏం చెప్పవు?"

"ఏమీ చెప్పనండీ," అంటూ ఆయమ్మ దుప్పటి మార్చింది. చట్రంలో నిలిచిన నీళ్లు పరుపు అంచుల్లోంచి పాకి కొత్త దుప్పటినీ తడిపాయి. టీచరమ్మ మళ్లీ పిలిచింది. ఈసారి ఆయమ్మకు నిజంగానే కంగారు పుట్టి, ఎవరికీ చెప్పనన్న మాటను పెద్ద సిస్టర్‌కు చెప్పేసింది. పెద్ద సిస్టర్ డాక్టరుగారికి చెప్పింది. ఆయన మూత్రపరీక్ష రాసి, దగ్గర్లోనే ఉండే టీచరమ్మ కోడలికి ఫోను చేయించారు. టీచరమ్మను అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు గాని, పొద్దెక్కేసరికి ఆ సంగతి వంటింటి దాకా తెలిసిపోయింది.

అంతలో పరీక్ష చేసే ఆయన పెట్టె పట్టుకుని వచ్చాడు. అక్కడందరూ ఆయన్ని మీటరాయన అంటారు. మిషన్ల మెరుపు చూసి ఆయన మురిసిపోయాడు. "ఇంత శుభ్రంగా నేనెక్కడా చూళ్లేదండీ," అన్నాడు. పెద్ద సిస్టర్ ముఖం చాటంతయింది. ఆ తర్వాత ఆయన కఫం మిషన్‌కు మీటరు పెట్టాడు, మీటరు కీచుమంది. ఎర్ర చీటీ. ఆవిరి మిషన్, ఎర్ర చీటీ. బీపీ మిషన్, అదీ అంతే. డాక్టరుగారు తాళం తీసి ఈసీజీ మిషన్‌ను తన చేతుల్తో తెచ్చి పెట్టారు. దానికీ ఎర్ర చీటీ పడింది.

"నా మిషనా? మీ మీటరుకే మతి పోయుంటుంది," అన్నారు డాక్టరుగారు.

మీటరాయనకూ అదే అనుమానం వచ్చింది. చేతికందిన వస్తువు మీద పెట్టి చూద్దామని నర్సుల గదిలోని టీ కెటిల్ తెప్పించాడు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి గుడ్డ తగలని కెటిల్ అది. మీటరు నోరెత్తలేదు. "మీటరు బంగారంలా ఉందండీ," అన్నాడు దిగులుగా.

"అయితే మురికి ఇంకా పోలేదన్నమాట," అనుకుంది పెద్ద సిస్టర్. మీటరాయన అదే కెటిల్లో కాచిన టీ తాగుతుండగా ఆయమ్మను పక్కకు పిలిచి, "మళ్లీ తుడు. ఈసారి సందుసందునా నీళ్లు పోనీ," అంది. టీ తాగొచ్చి మీటరాయన మళ్లీ చూస్తే అంకెలు ఇందాకటికన్నా పైకెక్కాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ల అనుభవంలో టీ తాగేలోపు ముదిరిపోయే జబ్బు ఏ మిషన్‌కూ రాలేదు.

చివరికి టీచరమ్మ గది మిగిలింది. ఆవిడను కుర్చీలో కూచోబెట్టి, మంచానికి మీటరు పెట్టారు. అది అన్నిటికన్నా గట్టిగా అరిచింది. మీటరాయన తలొంచుకుని ఎర్ర చీటీ తీశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే కోడలు పెద్దవాళ్లకు కట్టే డైపర్ల సంచీ మోసుకుని, ఏడుస్తూ లోపలికొచ్చింది.

"అత్తయ్యా, నాకు ముందే ఎందుకు చెప్పలేదు? నేను పరాయిదాన్నా?"

"ఏం చెప్పాలే?"

"పక్కలో..." అంటూ కోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వెనకాలే స్టోరులోంచి ఇనప మంచం కిర్రుకిర్రుమంటూ వచ్చి గుమ్మంలో ఇరుక్కుంది. టీచరమ్మ సంచీని చూసింది, ఇనప మంచాన్ని చూసింది, చాటుగా నిలబడ్డ ఆయమ్మను చూసింది. పొద్దుటినుంచి తన వెనక జరిగిందంతా అప్పటికి అర్థమైంది. ముఖం ఎర్రబడింది. కుర్చీలోంచే చెయ్యి చాచి మంచం కమ్మీని పట్టుకుంది.

"ఈ మంచం ఇక్కణ్ణుంచి కదలదు. నా పక్క నేను తడపలేదు. పొద్దున్నుంచి మొత్తుకుంటున్నాను, తడిసింది నేను కాదు, మంచం. నా మాట నమ్మడం మీకు కష్టమైతే ఆ కిందికి చెయ్యి పెట్టి చూడండి. చదువుకున్నవాళ్లు ఇంతమంది ఉన్నారు, ఒక్కరికీ చేతుల్లేవా?"

మీటరాయన మోకాళ్ల మీద కూచుని మంచం కిందికి చెయ్యి పోనిచ్చాడు. మోచేతిదాకా తడుపుకుని బయటికి తీశాడు. వాసన చూశాడు. సబ్బు వాసన.

"దీన్ని కడిగారా?"

"అన్నీ కడిగించానండీ," అంది పెద్ద సిస్టర్ గర్వంగా. ఎవరూ మెచ్చుకోకపోయేసరికి గొంతు సన్నగిల్లింది. "రెండుసార్లు. మీరొస్తున్నారు కదాని."

మీటరాయన నేల మీదే చతికిలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. "తడిసిన చోట కరెంటు కారక ఏం చేస్తుందమ్మా? నా తప్పూ ఉంది. మెరుస్తున్నాయని మురిశానే గాని, ఎందుకు మెరుస్తున్నాయో అడగలేదు," అన్నాడు. ఆయమ్మ వచ్చి టీచరమ్మ కాళ్ల దగ్గర కూచుంది. క్షమించమన్నట్టు చెయ్యి పట్టుకుంది. టీచరమ్మ ఆ చెయ్యి విదిలించలేదు. సంచీని వెనక్కి తీసుకెళ్లమని కోడలికి చెప్పింది.

మీటరాయన డబ్బాలన్నీ విప్పి లోపలి తడి ఒత్తాడు. మిషన్లను ఎండలో పరిచి ఫ్యాన్లు తిప్పారు. మధ్యాహ్నమంతా ఎవరికీ మరో పని తోచలేదు. బాగా ఆరాక ఒక్కొక్కటే మళ్లీ చూడటం మొదలుపెట్టాడు. కఫం మిషన్‌కు పచ్చ చీటీ. ఆవిరి మిషన్‌కూ, బీపీ మిషన్‌కూ అంతే. టీచరమ్మ మంచం దగ్గరికి వచ్చేసరికి పెద్ద సిస్టర్ గోడవైపు తిరిగి నిలబడింది. మీటరు కిక్కురుమనలేదు. "మోటారు రాయిలా ఉందండీ. ఇంకా చాలా ఏళ్లు లేపుతుంది మిమ్మల్ని," అంటూ మీటరాయన పచ్చ చీటీ అంటించాడు.

ఇక ఎర్ర చీటీ మిగిలింది ఒక్క ఈసీజీ మిషన్‌కే. చుక్క నీరు తగలకుండా, బీరువాలో పొడిగా ఉన్నది అదొక్కటే. మీటరాయన దాని ప్లగ్గు విప్పాడు. లోపల, కారిన కరెంటును నేలలోకి పంపే ఎర్తు వైరు తెగి వేలాడుతోంది. డాక్టరుగారు దాన్ని చూసి తన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. "నిన్న నా గుండె చూసుకున్నది దీంతోనే," అన్నారు నీరసంగా. మీటరాయన స్క్రూడ్రైవరు తీసి, వైరు బిగించి, మళ్లీ మీటరు పెట్టి, పచ్చ చీటీ వేశాడు. డాక్టరుగారు మంచినీళ్లు తాగి, ఇనప మంచాన్ని ఎవరూ అడగకముందే స్టోరుకు పంపించేశారు.

టీచరమ్మను మంచం మీదికి చేర్చారు. ఆవిడ రిమోటు చేతిలోకి తీసుకుని అందర్నీ దూరంగా జరగమంది. నొక్కింది. మంచం మూలుగుతూ మెల్లమెల్లగా లేచింది. ఎవరి చెయ్యీ తగలకుండా కిటికీకి ఎదురుగా కూచున్న ఆవిడకు ఎంత సంతోషమేసిందంటే, కళ్లలో నీళ్లు తిరిగి సూది కన్ను కాసేపు కనిపించలేదు. పెద్ద సిస్టర్ ఆనందం పట్టలేక అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది, ఇకమీదట ఎవరు తనిఖీకి వచ్చినా సరే, మిషన్ల మీద తడిగుడ్డ పడనివ్వనని.

ఆవిడ మాట తప్పే మనిషి కాదు. ఆ తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు కరెంటు చూసేవాళ్లు కాదు, ఎక్కడ దుమ్ముందా అని చూసేవాళ్లు.